పార్సిల్ పోతే చేతికొచ్చేది ఎంత? కౌంటర్ దగ్గరే తేలిపోయే లెక్క

మంగళగిరి చీర ఒకటి, వెల 6,000 రూపాయలు. విజయవాడలో బుక్ చేసి బెంగళూరు పంపారు. చేరలేదు. పంపినవారికి ఎంత తిరిగొస్తుందన్న ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. బీమా లేకుండా స్పీడ్ పోస్టులో 100 రూపాయల ఛార్జీతో వెళ్లి ఉంటే 200. ప్రైవేటు కొరియర్‌లో 150 రూపాయల కిరాయికి, విలువ మీద అదనపు ఛార్జీ కట్టకుండా పంపి ఉంటే మహా అయితే 1,500. అదే చీరకు 6,000 విలువ చెప్పి, బీమా చేయించి, రసీదులో ఆ అంకె పడేలా చూసుకుని ఉంటే 6,000. చీర ఒకటే, పోయిన తీరూ ఒకటే. తేడా అంతా బుకింగ్ కౌంటర్ దగ్గర గడిచిన రెండు నిమిషాల్లో ఉంది.

క్లెయిము అంటే పార్సిల్ పోయాక పెట్టుకునే అర్జీ అనుకోవడం సహజం. కానీ ఆ అర్జీని నిలబెట్టే కాగితాలన్నీ పార్సిల్ ఇంకా చేతిలో ఉండగానే పుట్టాలి. ఆటోనగర్ నుంచి గేరుబాక్సు భాగం పంపే మెకానిక్ అయినా, గుంటూరు యార్డు నుంచి మిర్చి శాంపిల్ పంపే వ్యాపారి అయినా, ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణమైనా రసీదులో విలువ గడిని పట్టించుకోకపోవడం మామూలైపోయింది. చాలాచోట్ల బుకింగ్ చేసే కుర్రాడు ఆ గడిలో తనే 100 అనో 500 అనో కొట్టేస్తాడు. వస్తువు పోయిన రోజున ఆ 100 రూపాయలే పంపినవారు స్వయంగా చెప్పిన విలువగా ఎదురొస్తుంది. అప్పుడు 6,000 బిల్లు చూపించినా, "మరి బుకింగ్‌లో 100 అని ఎందుకు చెప్పారు" అనే ప్రశ్నకు జవాబు దొరకదు.

పోస్టాఫీసు బాధ్యత ఎంతవరకు

1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన పోస్టాఫీసు చట్టం, 2023 అనేది 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. చట్టం మారింది గాని అందులోని మూలసూత్రం మారలేదు. కొత్త చట్టం సెక్షన్ 10 ప్రకారం, నిబంధనల్లో ఇంత అని ఒప్పుకున్న బాధ్యత తప్ప పోస్టాఫీసుకు తన సేవల విషయంలో వేరే బాధ్యత లేదు. ఉద్యోగి మోసం చేసినా, కావాలని పోగొట్టినా తప్ప అతన్ని వ్యక్తిగతంగా నిలదీయడానికీ వీల్లేదు. అందుకే "మీ నిర్లక్ష్యం వల్ల 6,000 నష్టపోయాం" అని రాసిన ఉత్తరం ఎంత న్యాయమైనదైనా ముందుకు కదలదు. "నిబంధనల ప్రకారం రావలసిన పరిహారం ఇప్పించండి" అని రాసినది కదులుతుంది.

బీమా లేని స్పీడ్ పోస్టు ఆర్టికల్ పోయినా, పాడైనా ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది: కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు మీదే అదనంగా 5 రూపాయలు, దానిపై జీఎస్టీ కడితే రిజిస్ట్రేషన్, మరో 5 కడితే ఓటీపీ చెప్పాకే డెలివరీ అనే సదుపాయాలు వచ్చాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రిజిస్ట్రేషన్ ఉంటే బీమా ఉన్నట్టే అనుకుంటారు. రిజిస్ట్రేషన్, ఓటీపీ రెండూ పార్సిల్ తప్పుడు చేతుల్లో పడకుండా చూసేవి. పోయాక వచ్చే డబ్బుకూ వాటికీ సంబంధం లేదు. బీమా వేరే ఛార్జీ, రసీదులో వేరే వరుస.

ఆ ఛార్జీ తక్కువేమీ కాదు. చాలాకాలం నడిచిన లెక్కలో మొదటి 200 రూపాయల విలువకు 10 రూపాయలు, ఆ పైన ప్రతి వందకూ 6 రూపాయలు. దాని ప్రకారం 6,000 చీరకు 358 రూపాయలు, అంటే వందకు ఆరు చొప్పున. రేట్లు మారుతుంటాయి కాబట్టి బుకింగ్ రోజున కౌంటర్‌లో అడిగి తీరాలి. అయితే ఈ స్థాయిలో ఉన్న ఛార్జీతో ప్రతి పార్సిల్‌కూ బీమా చేయించడం వ్యాపారికి నష్టమే. నెలకు వంద చీరలు పంపేవారు అన్నిటికీ బీమా చేస్తే 35,800 ఖర్చు. వందలో ఒకటి పోతే నష్టం 6,000. అలాంటివారు పోయే ఒక్క చీర ఖర్చును ధరలో కలుపుకోవడమే మేలు. బీమా అవసరం పడేది, పోతే తట్టుకోలేని ఒక్క పార్సిల్‌కు: పెళ్లి పట్టుచీర, మరమ్మతుకు పంపే కెమెరా, మళ్లీ దొరకని యంత్ర భాగం. బంగారం, నగలు, కరెన్సీ నోట్ల విషయంలో ఈ లెక్కకు తావే లేదు. వాటిని బీమా లేకుండా పోస్టులో పంపడం నిబంధనలకు విరుద్ధం. పోయాక అడిగే హక్కూ ఉండదు.

బీమా పార్సిల్‌కు ప్యాకింగ్ నియమాలు పాతకాలపువిగా కనిపిస్తాయి గాని, క్లెయిము తిరస్కరించడానికి మొదట వెతికేది అక్కడే. మూత పడే ప్రతి అంచు మీదా లక్క ముద్ర ఉండాలి. ముద్ర పంపినవారి సొంత గుర్తుతో ఉండాలి. నాణెంతో అద్దిన ముద్ర గాని, ఉత్త గీతల ముద్ర గాని చెల్లదు, ఎందుకంటే దాన్ని ఎవరైనా విప్పి మళ్లీ వేయగలరు. విలువను అంకెల్లోనూ అక్షరాల్లోనూ పెట్టె మీద రాయాలి. కొట్టివేత ఉంటే, పక్కన సంతకం పెట్టినా ఒప్పుకోరు. కొత్త కవరు వాడాల్సిందే. విలువ ఎక్కువ రాసినంత మాత్రాన ఎక్కువ రాదు. పరిహారం ఎప్పుడూ అసలు విలువను మించదు, పైగా మోసపూరితంగా పెంచి రాశారని తేలితే అదీ పోతుంది. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుల్లో బీమా పరిమితి చాలా తక్కువ కాబట్టి, పెదకాకాని వైపు నుంచో గన్నవరం వైపు నుంచో ఖరీదైన వస్తువు పంపేవారు పట్టణంలోని పోస్టాఫీసుకు రావడం మంచిది.

క్లెయిము హక్కు మామూలుగా పంపినవారిది. చిరునామాదారు అడగాలంటే పంపినవారి రాతపూర్వక అంగీకారం కావాలి. నష్టం జరిగింది ఒకరికి, రసీదు ఉన్నది మరొకరి దగ్గర అయినప్పుడు ఈ చిన్న ఉత్తరం లేకనే ఫైలు నెలల తరబడి ఆగుతుంది.

కొరియర్ రసీదు వెనక

ప్రైవేటు కొరియర్‌కు వర్తించేది 2007 నాటి రోడ్డు రవాణా చట్టం. ఇది లారీలకే అనుకుంటారు గాని, ఇంటి నుంచి ఇంటికి సరుకు చేరవేసే కొరియర్ సంస్థలను కూడా ఆ చట్టం తన నిర్వచనంలోనే చేర్చింది. ప్రభుత్వాన్ని మాత్రం మినహాయించింది. ఈ చట్టం పంపినవారికి ఒక గొప్ప వెసులుబాటు ఇచ్చింది: సరుకు పోయిందని చూపిస్తే చాలు, కొరియర్ నిర్లక్ష్యాన్ని నిరూపించక్కర్లేదు. ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, చట్టబద్ధమైన జప్తు లాంటి కారణాలుంటే చూపించుకోవలసింది వాళ్లే.

అయితే మరో చేత్తో పరిమితీ పెట్టింది. 2011 నాటి నిబంధనల ప్రకారం బాధ్యత కిరాయికి 10 రెట్లు మించదు, అది కూడా ప్రకటించిన విలువకు లోబడి. 150 రూపాయల కిరాయికి 1,500 అన్న లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. ఈ పరిమితి దాటాలంటే విలువ ప్రకటించి, సంస్థ నిర్ణయించిన ఎక్కువ రేటు కట్టాలి. దీన్నే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఎఫ్‌ఓవీ (ఫ్రైట్ ఆన్ వాల్యూ, అంటే విలువ మీద కిరాయి) అంటారు, రసీదు మీద "క్యారియర్స్ రిస్క్" అని పడుతుంది. కట్టకపోతే "ఓనర్స్ రిస్క్". ఈ రెండు మాటల్లో ఏది పడిందో చూడకుండా రసీదు మడిచి జేబులో పెట్టుకోకూడదు.

రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న షరతులు చదవలేదన్న వాదన నిలవదు. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. జర్మనీకి పంపిన పత్రాలు చేరక వ్యాపారంలో లక్షల నష్టం వచ్చిందని కంపెనీ అడిగితే, సంతకం చేసిన పత్రంలో ఉన్న 100 డాలర్ల పరిమితికి మించి రాదంది. వస్తువు విలువకూ, వస్తువు అందకపోవడం వల్ల వచ్చిన వ్యాపార నష్టానికీ మధ్య పెద్ద అగాధం ఉంది. రెండోదాన్ని ఏ సంస్థా మామూలుగా భరించదు. టెండరు కాగితాలు పంపేవారు ఇది గుర్తుంచుకుని రెండో ప్రతిని వేరే దారిలో పంపాలి.

నోటీసు గడువు మరీ ముఖ్యం. రోడ్డు రవాణా చట్టం సెక్షన్ 16 ప్రకారం, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే దావాకు వీల్లేదు. గడువు లెక్క పార్సిల్ పోయిందని తెలిసిన రోజు నుంచి కాదు, బుకింగ్ నుంచి. "వెతుకుతున్నాం సార్, వచ్చే వారం చెబుతాం" అనే ఫోన్లతో ఐదు నెలలు కరిగిపోవడం చాలా తేలిక. వాట్సాప్ సందేశాలు ఎన్ని పంపినా, సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు కాగితం మీద నోటీసు వెళ్లి, డెలివరీ రుజువు చేతిలో ఉండాలి. రైల్లో పంపిన పార్సిల్‌కు దారి వేరు: 1989 రైల్వే చట్టం కింద 6 నెలల్లోగా రైల్వేకు క్లెయిము నోటీసు ఇవ్వాలి, అక్కడా విలువ ప్రకటించి శాతం ఛార్జీ కట్టనివారికి పరిహారం కిలోల లెక్కనే.

అసలైన బీమా పాలసీ

కొరియర్ ఇచ్చే "రిస్క్ కవర్" చాలాసార్లు బీమా కాదు, తన బాధ్యతను కొంత పెంచుకున్న హామీ మాత్రమే. బీమా అంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర నమోదైన కంపెనీ ఇచ్చే పాలసీ. కౌంటర్‌లో రెండు ప్రశ్నలు అడిగితే విషయం తేలిపోతుంది: బీమా కంపెనీ ఏది, సర్టిఫికెట్ నంబరు ఎంత. రెండింటికీ జవాబు రాకపోతే అది హామీయే.

క్రమం తప్పకుండా సరుకు పంపేవారు తీసుకోవలసింది ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ, అంటే దేశం లోపల రవాణాలో ఉన్న సరుకుకు బీమా. ఒక్క ప్రయాణానికీ ఉంటుంది, ఏడాదంతా వర్తించే ఓపెన్ పాలసీగానూ ఉంటుంది. ప్రీమియం సాధారణంగా సరుకు విలువలో ఒక శాతం లోపే, కాబట్టి పోస్టు బీమాతో పోల్చితే ఎంతో చవక. చిక్కంతా ఏ క్లాజు అన్నదాంట్లో ఉంది. "సి" క్లాజు అగ్నిప్రమాదం, పిడుగుపాటుకే. "బి" దానికి వాహనం ఢీకొనడం, బోల్తా పడటం, వంతెన కూలడం, రైలు పట్టాలు తప్పడం కలుపుతుంది. పార్సిల్ మాయమవడం ఈ రెంటిలోనూ లేదు! మినహాయింపులు పోగా అన్ని ప్రమాదాలకూ వర్తించే "ఎ" క్లాజు తీసుకోవాలి, లేదా "బి"కి టీపీఎన్‌డీ, అంటే దొంగతనం, చిల్లర దొంగతనం, చేరకపోవడం అనే అదనపు రక్షణ చేర్పించాలి. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు "బి" అంటగట్టిన పాలసీతో పోయిన పార్సిల్‌కు ఒక్క రూపాయీ రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అలాంటి వరదలో గోడౌన్‌లోని సరుకు తడిస్తే రవాణా సంస్థ ప్రకృతి వైపరీత్యం అంటుంది, "బి" క్లాజులో వరద ఉండదు. అప్పుడు ఆదుకునేది "ఎ" ఒక్కటే.

ఇంకో గడువు చాలామందికి తెలియదు. రోడ్డు మీద వెళ్లే సరుకుకు ఈ రక్షణ వాహనం గమ్యస్థానానికి చేరాక 7 రోజులతో, లేదా సరుకు గోడౌన్‌కు అందడంతో, ఏది ముందైతే దానితో ముగుస్తుంది. తీరిక చూసుకుని తెచ్చుకుందామని పార్సిల్‌ను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పది రోజులు వదిలేస్తే, ఎనిమిదో రోజు నుంచి అది బీమా లేని సరుకే.

పాలసీ ఉన్నవారు చేసే అతి ఖరీదైన తప్పు, రవాణా సంస్థ ఇచ్చే చిన్న మొత్తం తీసుకుని "ఇక ఎలాంటి బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం చేయడం. బీమా కంపెనీ డబ్బు చెల్లించాక, రవాణా సంస్థను అడిగే హక్కు పంపినవారి నుంచి బీమా కంపెనీకి చేరుతుంది. దాన్నే సబ్రొగేషన్ అంటారు. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ హక్కును వివరంగా విశదీకరించింది. 1,500 కోసం ఆ హక్కును ముందే వదిలేసుకుంటే, మిగతా 4,500 ఇవ్వనవసరం లేదని బీమా కంపెనీ వాదించగలదు. రవాణా సంస్థకు గడువులో నోటీసు ఇవ్వకపోయినా ఇదే వాదన వస్తుంది. అంటే బీమా ఉన్నా, లేనట్టే అనుకుని రవాణా సంస్థను వెంటాడాలి. ఆ పని బీమా కంపెనీది అనుకుని ఊరుకున్నవారి ఫైళ్లే ఎక్కువ మూతపడతాయి.

పోయిందని ఎప్పుడు అనాలి

ట్రాకింగ్ కదలకపోవడం, పోవడం ఒకటి కాదు. సంచిలో కట్టి పంపిన ఆర్టికల్ దారిలో విడిగా స్కాన్ కాకపోవచ్చు. సంచి విప్పినచోటే మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి చూడవలసింది చివరి స్కాన్ ఎక్కడ పడిందన్నది. విజయవాడ హబ్‌లో "పంపాం" అని ఉండి, తర్వాతి హబ్‌లో "అందింది" అని లేకపోతే ఆ రెంటి మధ్యలోనే వెతకాలి. ఫిర్యాదులో ఆ మాటే స్పష్టంగా రాయాలి. "అవుట్ ఫర్ డెలివరీ" తర్వాత ఆగితే వెతకవలసింది చివరి ఆఫీసులోనే. "డెలివర్డ్" అని పడి చేతికి రాకపోతే అది పోవడం కాదు, తప్పుడు డెలివరీ. దానికి సంతకం, ఓటీపీ రికార్డు అడగాలి, అదే రోజు అడగాలి.

తూకం మాట చాలామంది మరిచిపోతారు. బుకింగ్ రసీదులో 1,240 గ్రాములున్న పార్సిల్ చివరి ఆఫీసులో 610 గ్రాములు తూగితే లోపలి సరుకు దారిలోనే పోయిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. పెట్టె నలిగి, టేపు మారి కనిపిస్తే సంతకం పెట్టకముందే తూయించాలి, పోస్టాఫీసులో అయితే ఆఫీసు సిబ్బంది ఎదుటే విప్పించి తీసుకునే ఓపెన్ డెలివరీ అడగాలి. అభ్యంతరం రాయకుండా సంతకం పెట్టి తీసుకుంటే సరుకు సరిగ్గానే అందిందని ఒప్పుకున్నట్టే.

పోస్టు ఆర్టికల్ నంబరులో 13 అక్షరాలుంటాయి: ముందు రెండు ఇంగ్లిషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర భారతదేశాన్ని సూచించే రెండు అక్షరాలు. తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటినీ సరిచూడటానికి ఉంది. ఎనిమిదింటినీ వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడి, 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే ఆ అంకె రావాలి (10 వస్తే 0, 11 వస్తే 5). 47312482కు మొత్తం 200, శేషం 2, కాబట్టి చివరి అంకె 9. అమ్మినవారు ఫోన్లో చెప్పిన నంబరు ట్రాకింగ్‌లో దొరకనప్పుడు, అంకె తప్పు రాసుకున్నారో అసలు బుకింగే లేదో ఈ లెక్కతో కొంత తేలుతుంది.

పోస్టు ఫిర్యాదు 1800 266 6868కి గాని, ఇండియా పోస్టు వెబ్‌సైటులో గాని ఇవ్వవచ్చు. ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోవాలి. జవాబు రాకుండానే "పరిష్కరించాం" అని మూసేస్తే, పోస్టల్ సూపరింటెండెంట్ కార్యాలయానికి రాతపూర్వకంగా, ఆపైన కేంద్ర ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌కు వెళ్లాలి. రాష్ట్ర పోస్టల్ సర్కిల్ ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది. పోస్టల్ శాఖ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టికల్ ఏ సంచిలో వెళ్లింది, ఆ సంచి ఎక్కడ విప్పారు అన్న వివరాలు అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇది ఫిర్యాదు కన్నా పదునైన ఆయుధం. పాత రికార్డులు ఎల్లకాలం ఉంచరు కాబట్టి తొందరగా అడగాలి.

కొరియర్ నోటీసులో ఆవేశం అక్కర్లేదు, వివరాలు కావాలి. ఇలా రాస్తే సరిపోతుంది: "ఫలానా తేదీన విజయవాడలోని మీ ఫలానా శాఖలో, ఫలానా డాకెట్ నంబరుతో, 1,240 గ్రాముల పార్సిల్ బెంగళూరుకు బుక్ చేశాం. ప్రకటించిన విలువ 6,000 రూపాయలు. ఫలానా తేదీ తర్వాత ట్రాకింగ్‌లో కదలిక లేదు, పార్సిల్ చేరలేదు. రోడ్డు రవాణా చట్టం, 2007 సెక్షన్ 16 కింద ఇది నోటీసు. 15 రోజుల్లోగా పార్సిల్ అప్పగించండి, లేదా చేరలేదని ధ్రువపత్రం ఇచ్చి విలువ, కిరాయి చెల్లించండి." ఆ ధ్రువపత్రమే బీమా క్లెయిముకు ప్రాణం. అడగందే ఎవరూ ఇవ్వరు.

విలువ రుజువుకు కొన్న బిల్లే మొదటి కాగితం. బిల్లుతో పాటు ఆ డబ్బు కట్టినట్టు యూపీఐ లేదా బ్యాంకు రికార్డు జతచేయాలి. 50,000 దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉంటుంది, దానిలోని విలువ బిల్లుతో అంకెకు అంకె కలవాలి. వాడిన వస్తువైతే కొత్తదాని ధర అడిగితే కోత పడుతుంది. జీఎస్టీ నమోదున్న వ్యాపారులు ఒకటి గమనించాలి: పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను సెక్షన్ 17(5) కింద వెనక్కి ఇచ్చేయాలి. కాబట్టి ఆ పన్ను కూడా నష్టమే, క్లెయిము మొత్తంలో దాన్ని కలిపి అడగాలి. బుకింగ్ రసీదులు ఎక్కువగా థర్మల్ కాగితం మీదే వస్తాయి, విజయవాడ ఎండకు కొన్ని నెలల్లో తెల్లబడిపోతాయి. తెచ్చిన రోజే ఫొటో, జిరాక్సు తీసి పెట్టుకోవాలి. ప్యాక్ చేసే ముందు వస్తువు, తూకం మీద పెట్టె, మూసిన టేపు, చిరునామా ఒకే వీడియోలో కనిపించేలా అర నిమిషం తీస్తే, లోపల ఏముందన్న వివాదమే రాదు.

కొరియర్ కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేయకూడదు. పార్సిల్ కోసం కంగారుపడేవారిని పట్టుకోవడానికే దొంగ నంబర్లు పెడతారు. 5 రూపాయలు కట్టమని లింకు, ఏదో యాప్ ఎక్కించుకోమని ఫైలు పంపుతారు, ఖాతా ఖాళీ అవుతుంది. రసీదు మీదున్న నంబరుకే చేయాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అమెరికా వెళ్లే పచ్చళ్లు

గుంటూరు, విజయవాడల్లో విదేశీ పార్సిల్ అంటే సగం ఆవకాయ, కారప్పొడి, సున్నుండలే. వీటిని బుక్ చేసే చిన్న దుకాణాలు చాలావరకు సొంతంగా రవాణా చేయవు. అందరి పార్సిళ్లూ పోగుచేసి, తమ ఖాతాలో పెద్ద కొరియర్ సంస్థకు అప్పగిస్తాయి. అంటే పెద్ద సంస్థ లెక్కలో పంపినది దుకాణమే, ఇంటివారు కాదు. పార్సిల్ పోతే నేరుగా వెళ్లి అడిగితే "మా కస్టమర్ మీరు కాదు" అంటారు, అది నిజం కూడా. కాబట్టి బుక్ చేసిన రోజే దుకాణం రసీదుతో పాటు అసలు సంస్థ ఇచ్చే ఏడబ్ల్యూబీ (ఎయిర్ వేబిల్, అంటే రవాణా రసీదు) నంబరు, అందులో ప్రకటించిన విలువ తీసుకోవాలి. కస్టమ్స్ సుంకం తగ్గుతుందని ఆ విలువను 10 డాలర్లని రాసేసే అలవాటు ఉంది. పోయాక వచ్చేదీ ఆ లెక్కనే. అదనంగా ఏమీ కట్టకపోతే చాలా అంతర్జాతీయ కొరియర్ల షరతుల్లో గరిష్ఠం సుమారు 100 డాలర్లు.

కస్టమ్స్ ఆపితే గాని, పారేస్తే గాని అది పోవడం కాదు, ఏ బీమా కిందా రాదు. మాంసం పచ్చళ్లకు ఈ ముప్పు ఎక్కువ. నూనె కారి పక్క పార్సిళ్లు పాడైతే ప్యాకింగ్ లోపమని క్లెయిము కొట్టేస్తారు, పైగా పార్సిల్ వెనక్కీ రాదు. పాడైపోయే వస్తువులన్న మినహాయింపు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. పచ్చళ్ల పార్సిల్‌కు బీమా ఖర్చు దండగ; ఆ డబ్బు గట్టి సీలు డబ్బాలకు, రెండు పొరల ప్యాకింగ్‌కు పెట్టడం నయం. అదే పెట్టెలో పెళ్లి చీరో వెండి కుంచమో పెట్టడం మాత్రం పొరపాటు. ఖరీదైనది విడిగా, సరైన విలువతో వెళ్లాలి.

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చేరకపోతే కొన్నవారు పోస్టు చుట్టూ, కొరియర్ చుట్టూ తిరగక్కర్లేదు. చేర్చవలసింది అమ్మినవారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

తిరస్కరణ లేఖ వచ్చాక

తిరస్కరణ నోటిమాటగా వస్తే అది తిరస్కరణ కాదు. కారణం రాతలో అడగాలి, ఏ షరతు కింద కొట్టేశారో ఆ షరతు సంఖ్యతో సహా. పాలసీలోని ఆ వాక్యాన్ని చదివితే సగం సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. ఉదాహరణకు "ప్యాకింగ్ లోపం" అన్నది పగిలిన వస్తువుకు సరైన కారణం కావచ్చు. పెట్టెతో సహా మాయమైనదానికి అది కారణమే కాదు.

బీమా కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, న్యాయవాది అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిధి. వ్యక్తులకు, సొంత యాజమాన్యపు చిన్న సంస్థలకు ఇది పనికొస్తుంది. తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. కంపెనీ స్పందనే లేకపోతే ముందు ఐఆర్‌డీఏఐ నంబరు 155255లో ఫిర్యాదు పెట్టవచ్చు.

కొరియర్ మీద అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో మొదలుపెట్టి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండేచోటే కేసు వేయవచ్చు. రసీదు మీద "వివాదాలు ముంబై కోర్టుల పరిధిలోనే" అని అచ్చువేసి ఉన్నా గుంటూరువాసి గుంటూరులోనే వేయవచ్చు. సేవకు కట్టిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, పార్సిల్ కేసులన్నీ ఇందులోనే పడతాయి. గడువు 2 ఏళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. పెద్ద వ్యాపారం కోసం పంపిన సరుకైతే "వాణిజ్య ప్రయోజనం" అని కొరియర్ అభ్యంతరం చెబుతుంది. సొంత కష్టంతో జీవనోపాధి కోసం నడిపే చిన్న వ్యాపారమని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాసి, దానికి ఆధారం జతచేయాలి. ఓనర్స్ రిస్క్ రసీదు మీద పూర్తి విలువ రావడం కష్టమే గాని, కిరాయి, పరిమితి మేర పరిహారం, నోటీసుకు జవాబివ్వని నిర్లక్ష్యానికి కొంత, ఖర్చులు అడగవచ్చు. ఫిర్యాదుకు జతచేసే కాగితాల్లో బుకింగ్ రసీదు మొదటిది, నోటీసు, దాని డెలివరీ రుజువు రెండోది. ఆ రెండూ ఉంటే మిగతావి తర్వాత సమకూర్చుకోవచ్చు.